ఎల్ఎం358 ఔట్‌పుట్ 3.6 వోల్ట్‌ల దగ్గరే ఆగిపోతోంది, సరఫరా 5 వోల్ట్‌లు ఉన్నా పైకి వెళ్లట్లేదు

పొదుగుపెట్టె:
అందరికీ నమస్కారం. కోడిగుడ్ల ఇంక్యుబేటర్‌కి టెంపరేచర్ కంట్రోల్ కడుతున్నాను. సెన్సర్ ఎల్ఎం35 (డిగ్రీకి 10 మిల్లీవోల్ట్‌లు ఇస్తుంది), దాని వెనక ఎల్ఎం358 అనే ఆప్ ఆంప్ (సిగ్నల్‌ని పెంచే ఐసీ), గెయిన్ 10, అంటే పది రెట్లు. ఔట్‌పుట్ నుంచి 2వ పిన్‌కి 18 కిలోఓమ్, అక్కడి నుంచి గ్రౌండ్‌కి 2 కిలోఓమ్. సరఫరా ఆర్డునో బోర్డులోని 5 వోల్ట్‌లే. ఔట్‌పుట్ నేరుగా ఏ0 పిన్‌కి వెళ్తుంది.

డిగ్రీకి 100 మిల్లీవోల్ట్‌లు కాబట్టి 37.5 డిగ్రీలకు 3.75 వోల్ట్‌లు రావాలి. గది ఉష్ణోగ్రత నుంచి 35 దాకా థర్మామీటర్‌తో చక్కగా సరిపోతోంది. 36 దగ్గర రీడింగ్ నిలబడిపోతుంది. పెట్టె లోపల 39 ఉన్నా స్క్రీన్ మీద 36.1 అనే ఉంటుంది, హీటర్ ఆగదు. రెండు ఐసీలు మార్చి చూశాను, అదే తీరు. సెన్సర్ పాడైందా, ఐసీలు నకిలీవా? ప్రస్తుతానికి గుడ్లు పెట్టలేదు, ఖాళీ పెట్టెతోనే చూస్తున్నాను.

సోల్డర్ పొగ:
సెన్సర్ బాగుంది, ఐసీ కూడా బాగుంది. 5 వోల్ట్‌ల మీద ఎల్ఎం358 అంతకంటే పైకి ఇవ్వలేదు. గెయిన్ తగ్గించండి.

అనలాగ్ గోదావరి:
పై మాట నిజమే. ఎందుకో కూడా తెలిస్తే రేపు ఇంకో సర్క్యూట్‌లో ఇదే తలనొప్పి రాదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నానండి.

ఎల్ఎం358 లోపల ఔట్‌పుట్‌ని పైకి నెట్టేది డార్లింగ్టన్ పద్ధతిలో కట్టిన ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ల జత. ఆ జత బేస్‌కి కరెంట్ ఇచ్చే సోర్స్ పనిచేయడానికి కొంచెం వోల్టేజి కావాలి, ఆపైన రెండు బేస్-ఎమిటర్ డ్రాప్‌లు పోతాయి. అన్నీ కలిపి 1.2 నుంచి 1.5 వోల్ట్‌లు. అంటే సరఫరా 5 అయితే పై అంచు 3.5 నుంచి 3.8 మధ్య ఎక్కడో ఉంటుంది. మీకు 3.6 దగ్గర పడింది. ఐసీ మారిస్తే ఆ అంకె పదో పరకో మిల్లీవోల్ట్‌లు జరుగుతుంది తప్ప 4.5 కాదు. యూఎస్‌బీ కేబుల్ సన్నగా ఉండి 5 వోల్ట్‌లు 4.7కి పడిపోతే పై అంచు కూడా అంతే కిందికి దిగుతుంది.

చల్లగా ఉన్నప్పుడు డ్రాప్ ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఒక్కో డిగ్రీ చల్లబడేకొద్దీ బేస్-ఎమిటర్ వోల్టేజి సుమారు 2 మిల్లీవోల్ట్‌లు పెరుగుతుంది, పైగా అవి రెండున్నాయి. వేసవిలో బల్ల మీద సరిగ్గా నడిచింది శీతాకాలం తెల్లవారుజామున అంచుకి తగలడానికి ఇదొక కారణం. కాబట్టి ఎల్ఎం358కి 5 వోల్ట్‌లు ఇస్తే 3.3 కంటే పైన ఏదీ ఆశించకుండా డిజైన్ చేయండి.

ఇక ప్రమాదం సంగతి. మీ సెట్ పాయింట్ 3.75, ఔట్‌పుట్ అంచు 3.6. ఆ రెండూ ఎప్పటికీ కలవవు, కాబట్టి హీటర్ ఆగే అవకాశమే లేదు. 40 డిగ్రీలు దాటి కొన్ని గంటలు నిలిస్తే గుడ్లలో పిండాలకు ప్రాణాపాయం. ఖాళీ పెట్టెతో పరీక్షించడం చాలా మంచి పని చేశారు.

కొలత ముఖ్యం:
శాచురేషన్ (ఔట్‌పుట్ అంచుకి తగిలి ఆగిపోవడం) అని ఊహించి వదిలేయకుండా మల్టీమీటర్‌తో రుజువు చేసుకోవచ్చు. వరస ఇది.

ముందు 8వ పిన్‌కీ 4వ పిన్‌కీ మధ్య సరఫరా చూడండి, బోర్డు దగ్గర కాదు, ఐసీ కాళ్ల మీదే. తర్వాత నల్ల ప్రోబ్ 2వ పిన్ మీద, ఎర్ర ప్రోబ్ 3వ పిన్ మీద పెట్టి తేడా కొలవండి. ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌లో కొంత భాగాన్ని 2వ పిన్‌కి తిప్పి పంపడం) అదుపులో ఉన్నంతసేపు ఆ తేడా ఆఫ్‌సెట్ వోల్టేజి, అంటే ఐసీ లోపలి సొంత తేడా మాత్రమే. ఎల్ఎం358కి అది మామూలుగా 2, 3 మిల్లీవోల్ట్‌లు, డేటాషీట్ గరిష్ఠం 7. పెట్టె 39 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు 3వ పిన్ మీద 390 మిల్లీవోల్ట్‌లు ఉంటుంది. ఔట్‌పుట్ 3.6 దగ్గర ఇరుక్కుంది కాబట్టి 2వ పిన్ మీద దాంట్లో పదో వంతు, 360. తేడా 30 మిల్లీవోల్ట్‌లు. ఇంత తేడా కనిపిస్తే ఆంప్లిఫయర్ చేతులెత్తేసిందని అర్థం.

ఏ ఆప్ ఆంప్ సర్క్యూట్‌కైనా నేను ముందు చేసే కొలత ఇదే. ఔట్‌పుట్ ఒక్కటే చూస్తే తప్పు సెన్సర్‌లో ఉందో ఆంప్లిఫయర్‌లో ఉందో తేలదు.

బ్రెడ్‌బోర్డ్ 830:
ఇక్కడ నాకొక సందేహం సార్. రెండు ఇన్‌పుట్‌లు ఎప్పుడూ సమానంగా ఉంటాయని, దాన్నే వర్చువల్ షార్ట్ అంటారని పాఠంలో చెప్పారు. మరి 30 మిల్లీవోల్ట్‌ల తేడా ఎలా వచ్చింది?

అనలాగ్ గోదావరి:
సమానంగా ఉండటం ఆప్ ఆంప్ సహజ గుణం కాదు బాబూ, ఫీడ్‌బ్యాక్ చేసి పెట్టే పని. 741 అనే ఆప్ ఆంప్‌నే తీసుకో. ఓపెన్ లూప్ గెయిన్ (ఫీడ్‌బ్యాక్ లేనప్పటి గెయిన్) మామూలుగా 2 లక్షలు. ఔట్‌పుట్ 13 వోల్ట్‌లు ఇవ్వాలంటే ఇన్‌పుట్‌ల మధ్య 65 మైక్రోవోల్ట్‌ల తేడా చాలు. అది మన మీటర్‌కి సున్నాలాగే కనిపిస్తుంది, అందుకే సమానం అంటున్నాం. ఔట్‌పుట్ కదలగలిగినంతసేపే ఈ సర్దుబాటు జరుగుతుంది. అంచుకి తగిలాక 2వ పిన్‌ని లాక్కొచ్చేవాడు ఉండడు. అప్పుడు రెండు పిన్‌లూ బయటి సర్క్యూట్ ఏ వోల్టేజి ఇస్తే ఆ వోల్టేజి దగ్గర విడివిడిగా ఉంటాయి. వర్చువల్ షార్ట్ సూత్రంతో లెక్క కట్టిన ప్రతిసారీ, వచ్చిన ఔట్‌పుట్ విలువ ఆ ఐసీ ఇవ్వగలదా అని చివర్లో తప్పకుండా చూసుకో. ఇవ్వలేకపోతే ఆ లెక్క మొత్తం చెల్లదు.

తీగ చివర:
అన్నా, ఔట్‌పుట్ నుంచి 5 వోల్ట్‌లకు పుల్ అప్ రెసిస్టర్ పెడితే ఎక్కువ రాదా? 10 కిలోఓమ్ పెడితే సరిపోతదని ఎక్కడో చూసిన.

అనలాగ్ గోదావరి:
10 కిలోఓమ్‌తో ఇక్కడ ఏమీ కాదు తమ్ముడూ. 3.75 వోల్ట్‌ల దగ్గర ఆ రెసిస్టర్ ఇచ్చేది 125 మైక్రోయాంప్‌లు. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లు రెండూ కలిపి 20 కిలోఓమ్, అవే 187 తాగేస్తాయి. ఐసీ లోపల ఔట్‌పుట్‌ని కిందికి లాగే చిన్న కరెంట్ సోర్స్ ఇంకో 50 దాకా తీసుకుంటుంది. ఇంకా లోటే.

1 కిలోఓమ్ పెడితే మాత్రం పైకి వస్తుంది. లెక్క ప్రకారం 4.7 దాకా వెళ్తుంది. అయితే అప్పుడు పుల్ అప్ ఇచ్చే కరెంట్‌లో మిగులునంతా ఐసీ మింగాలి. ఔట్‌పుట్ కింది వైపు దిగుతున్నప్పుడు అది 4 మిల్లీయాంప్‌లు దాటుతుంది, దాంతో ఔట్‌పుట్ సుమారు 0.7 వోల్ట్‌ల కిందికి రాదు. పైన సంపాదించింది కింద పోయినట్టు. ఇంక్యుబేటర్ 7 డిగ్రీల కిందికి దిగదు కాబట్టి ఇక్కడ పని నడవొచ్చు గానీ, గెయిన్ మార్చి తేలిగ్గా తప్పించుకోగలిగినప్పుడు ఈ అతుకు నేనైతే వేయను.

పొదుగుపెట్టె:
3వ పిన్‌కీ 2వ పిన్‌కీ తేడా కొలిచాను. 34 డిగ్రీల దగ్గర 2 మిల్లీవోల్ట్‌లు, 38 దగ్గర 21. అర్థమైందండి. మరి గెయిన్ ఎంత పెట్టమంటారు? టీఎల్072 ఇంతకంటే మంచి ఐసీ అంటారు, నా దగ్గర ఉంది. అది పెట్టినా పిన్‌లు అవే కదా?

కొలత ముఖ్యం:
టీఎల్072 ఇక్కడ అస్సలు వద్దు. ఆడియోకి అది మంచి ఐసీ, కానీ ±15 వోల్ట్‌ల లాంటి సరఫరా కోసం పుట్టింది. పాత డేటాషీట్ ప్రకారం మొత్తం సరఫరా కనీసం 7 వోల్ట్‌లు ఉండాలి. ఔట్‌పుట్ రెండు అంచులకీ ఒకటిన్నర వోల్ట్ దూరంలో ఆగుతుంది. అంతకంటే పెద్ద సమస్య ఇన్‌పుట్‌ది. ఇన్‌పుట్ నెగటివ్ సరఫరాకి సుమారు 3 వోల్ట్‌ల పైన ఉంటేనే అది సరిగ్గా పనిచేస్తుంది. మీ ఎల్ఎం35 ఇచ్చేది 0.37 వోల్ట్‌లు. అక్కడ టీఎల్072 ఔట్‌పుట్ తిరగబడి, కిందికి పోవాల్సింది ఒక్కసారిగా పైకి ఎగిరిపోగలదు. దీన్ని ఫేజ్ రివర్సల్ అంటారు. హీటర్ కంట్రోల్‌లో ఇది జరిగితే ఫలితం మీకే తెలుసు.

ఎల్ఎం358 ఇన్‌పుట్ దశ పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లది కాబట్టి గ్రౌండ్ దాకా చదవగలదు. మీ సెన్సర్‌కి అదే సరైనది. దాని ఇన్‌పుట్‌కి కూడా పై హద్దు ఉందని మాత్రం మరవకండి. సరఫరా కంటే 1.5 వోల్ట్‌లు తక్కువ, ఉష్ణోగ్రత మొత్తం పరిధికి అయితే 2 తక్కువ. 4 వోల్ట్‌ల సిగ్నల్‌ని 5 వోల్ట్‌ల ఎల్ఎం358 బఫర్‌తో పంపాలనుకుంటే ఇన్‌పుట్, ఔట్‌పుట్ రెండూ హద్దు దాటినట్టే.

సోల్డర్ పొగ:
గెయిన్ 5 పెట్టండి: 12 కిలోఓమ్, 3 కిలోఓమ్. 37.5 డిగ్రీలకు 1.875 వోల్ట్‌లు. 50 డిగ్రీలకు 2.5. అంచు దరిదాపుల్లోకే పోదు.

అసలు ఆప్ ఆంప్ లేకుండా కూడా అవుతుంది. ఆర్డునో ఊనోలో 1.1 వోల్ట్‌ల అంతర్గత రిఫరెన్స్ ఉంది. దాన్ని వాడితే ఒక్కో మెట్టు 1.07 మిల్లీవోల్ట్‌లు, అంటే దాదాపు 0.1 డిగ్రీ. గెయిన్ 5తో, 5 వోల్ట్‌ల రిఫరెన్స్‌తో వచ్చేది కూడా అంతే. ఇంకా సన్నగా కావాలంటే గెయిన్ 2, 1.1 రిఫరెన్స్: మెట్టుకి 0.05 డిగ్రీ, 55 డిగ్రీల దాకా చదువుతుంది. పైగా యూఎస్‌బీ 5 వోల్ట్‌లు ఊగినా రీడింగ్ ఊగదు. ఆ రిఫరెన్స్ చిప్‌కీ చిప్‌కీ 1.0 నుంచి 1.2 మధ్య ఏదైనా ఉండొచ్చు కాబట్టి మంచి థర్మామీటర్ పెట్టి ఒకసారి సరిచూసి ప్రోగ్రాంలో గుణకం రాసుకోవాలి. ఎల్ఎం35 సొంత తేడానే అర డిగ్రీ పైన ఉండొచ్చు, కాబట్టి ఆ సరిచూపు ఎలాగూ తప్పదు. రిఫరెన్స్ మార్చాక మొదటి కొన్ని రీడింగులు పారేయండి.

అనలాగ్ గోదావరి:
గెయిన్ తగ్గించడంలో ఇంకో లాభం ఉంది, దాన్ని వదులుకోకండి. ఎల్ఎం358 ఇన్‌పుట్ బయాస్ కరెంట్ పిన్ లోంచి బయటికి వస్తుంది. కాబట్టి సెన్సర్ తీగ ఊడిపోతే 3వ పిన్ తనంతట తానే పైకి తేలి, ఔట్‌పుట్ పై అంచుకి వెళ్లి ఆగుతుంది. గెయిన్ 10 ఉన్నప్పుడు ఆ అంచు అంటే 36 డిగ్రీలు, హీటర్ వేయమని అర్థం. గెయిన్ 5 ఉన్నప్పుడు అదే అంచు 72 డిగ్రీలు, హీటర్ ఆపమని అర్థం. ప్రోగ్రాంలో 45 దాటితే హీటర్ ఆపి బజర్ మోగించమని రాస్తే తీగ తెగిన సంగతి కూడా తెలిసిపోతుంది. శాచురేషన్‌ని క్షేమం వైపుకి పెట్టుకోవడం అంటే ఇదే.

ఇంత చేసినా హీటర్ లైనుతో సిరీస్‌లో విడిగా ఒక మెకానికల్ థర్మోస్టాట్ పెట్టండి, 39 దగ్గర తెగేలా. ఐసీ, ప్రోగ్రాం, రిలే ఏది మొరాయించినా ఆఖరి కాపలా అదే.

తీగ చివర:
నాది కూడా గిట్లనే ఉన్నది కానీ రిలే వైపు. 5 వోల్ట్‌ల ఎల్ఎం358ని కంపారేటర్ (రెండు వోల్టేజీల్లో ఏది ఎక్కువో చెప్పేది) లెక్క వాడుతున్న. ఔట్‌పుట్ నుంచి 4.7 కిలోఓమ్‌తో బీసీ557 బేస్‌కి, ఎమిటర్ 5 వోల్ట్‌లకి, కలెక్టర్‌కి 5 వోల్ట్‌ల రిలే. ఒకసారి పడితే రిలే మళ్ల ఆగుతలేదు. ట్రాన్సిస్టర్ మార్చినా అంతే.

కొలత ముఖ్యం:
కారణం అదే అంచు. ఐసీ హై ఇచ్చాను అనుకున్నప్పుడు మీ పీఎన్‌పీ బేస్ వైపు 3.6 ఉంది, ఎమిటర్ 5 మీద ఉంది. తేడా 1.4 వోల్ట్‌లు. బేస్ జంక్షన్‌కి 0.7 పోగా మిగతా 0.7 వోల్ట్‌లు 4.7 కిలోఓమ్ మీద పడి 0.15 మిల్లీయాంప్‌ల బేస్ కరెంట్ పారుతుంది. ట్రాన్సిస్టర్ గెయిన్ 200 అనుకుంటే కలెక్టర్‌లో 30 మిల్లీయాంప్‌లు. 70 ఓమ్‌ల కాయిల్ మీద అది 2 వోల్ట్‌ల పైనే. అలాంటి రిలే వదలాలంటే కాయిల్ వోల్టేజి అర వోల్ట్ దాకా పడిపోవాలి, అందుకే పట్టుకుని కూర్చుంది.

సరైన మార్గం ఎన్‌పీఎన్‌ని కింద పెట్టడం. 2ఎన్2222, బేస్‌కి 1 కిలోఓమ్, ఎమిటర్ గ్రౌండ్‌కి, కలెక్టర్‌కీ 5 వోల్ట్‌లకీ మధ్య రిలే, దాని మీద తిరగేసిన 1ఎన్4007 డయోడ్. హై అయినప్పుడు బేస్‌కి 2.9 మిల్లీయాంప్‌లు వెళ్తాయి, 70 మిల్లీయాంప్‌ల కాయిల్‌కి చాలు. లో అయినప్పుడు ఎల్ఎం358 ఔట్‌పుట్ గ్రౌండ్‌కి 20 మిల్లీవోల్ట్‌ల లోపే ఉంటుంది కాబట్టి ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆగుతుంది. ఎన్‌పీఎన్ పెట్టాక తర్కం తిరగబడుతుంది కాబట్టి సెన్సర్‌ని మైనస్ పిన్‌కి, రిఫరెన్స్‌ని ప్లస్ పిన్‌కి మార్చాలి.

పీసీబీ అయిపోయి పీఎన్‌పీ మార్చడం కుదరకపోతే బేస్ దారిలో ఒక ఎర్ర ఎల్ఈడీ సిరీస్‌లో పెట్టి, రెసిస్టర్ 2.2 కిలోఓమ్ చేసి, బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య 10 కిలోఓమ్ వేయండి. ఎల్ఈడీ దాదాపు 1.8 వోల్ట్‌లు తింటుంది కాబట్టి 1.4తో కరెంట్ పారదు. అయితే ఆన్ స్థితిలో బేస్‌కి 0.8 మిల్లీయాంప్‌లు కూడా రావు, కాబట్టి ఇది 10, 15 మిల్లీయాంప్‌ల లోడ్‌కే పనికొస్తుంది. రిలేకి చాలదు.

తీగ చివర:
సమజైంది అన్నా. హిస్టరెసిస్ (ఆన్, ఆఫ్ అయ్యే హద్దుల మధ్య తేడా) కోసం ఔట్‌పుట్ నుంచి ప్లస్ పిన్‌కి రెసిస్టర్ ఎంత పెట్టాలె?

కొలత ముఖ్యం:
రిఫరెన్స్‌కీ ప్లస్ పిన్‌కీ మధ్య 10 కిలోఓమ్, ఔట్‌పుట్ నుంచి ప్లస్ పిన్‌కి 2.2 మెగాఓమ్. ఔట్‌పుట్ కదిలేది 5 వోల్ట్‌లు కాదు, 3.6 వోల్ట్‌లు. 3.6ని 221తో భాగిస్తే 16 మిల్లీవోల్ట్‌లు. గెయిన్ 5 ఉన్న సెన్సర్ సిగ్నల్ మీద అది డిగ్రీలో మూడో వంతు. 5 వోల్ట్‌లు అనుకుని లెక్క కడితే 0.45 డిగ్రీ వస్తుందని పొరపడతారు. కంపారేటర్‌లో శాచురేషన్ వోల్టేజీలే హిస్టరెసిస్‌ని నిర్ణయిస్తాయి.

వేగం కావాల్సిన చోట ఆప్ ఆంప్‌ని కంపారేటర్‌గా వాడకండి, ఎల్ఎం393 పెట్టి పుల్ అప్ వేయండి. హీటర్‌కి ఈ వేగం చాలు. ఎన్ఈ5532 లాంటివైతే నెమ్మదైన పనికి కూడా వద్దు, వాటి ఇన్‌పుట్‌ల మధ్య ఎదురెదురు డయోడ్లు ఉంటాయి, తేడా అర వోల్ట్ దాటగానే ఒక ఇన్‌పుట్ ఇంకోదాన్ని లాగేస్తుంది.

బ్రెడ్‌బోర్డ్ 830:
కింది వైపు గురించి కూడా చెప్పండి సార్. ఎల్ఎం358 సున్నా దాకా దిగుతుంది అని అందరూ అంటారు. నేను డిఫరెన్స్ ఆంప్లిఫయర్ కట్టాను, 5 వోల్ట్‌ల సరఫరా, నాలుగూ 10 కిలోఓమ్‌లే. రెండు ఇన్‌పుట్‌లూ 2.5 దగ్గర సమానంగా పెడితే సున్నా రావాలి, 0.6 వస్తోంది.

అనలాగ్ గోదావరి:
సున్నా దాకా దిగుతుందన్న మాటకి ఒక షరతు ఉంది. లోడ్ గ్రౌండ్ వైపు ఉండాలి, అంటే ఐసీ కరెంట్ మింగాల్సిన అవసరం రాకూడదు. ఎల్ఎం358లో కిందికి లాగే ట్రాన్సిస్టర్ పీఎన్‌పీ ఫాలోయర్. ఔట్‌పుట్ 0.6, 0.7 వోల్ట్‌ల కిందికి వచ్చేసరికి అది ఆగిపోతుంది. ఆ కింద మిగిలేది ఇందాక చెప్పిన చిన్న కరెంట్ సోర్స్ ఒక్కటే. డేటాషీట్‌లో 200 మిల్లీవోల్ట్‌ల దగ్గర సింక్ కరెంట్ (ఐసీ మింగగల కరెంట్) వరస చూడు: కనీసం 12 మైక్రోయాంప్‌లు, మామూలుగా 30 నుంచి 50. పై వరసలో ఉన్న 10, 20 మిల్లీయాంప్‌ల అంకె ఔట్‌పుట్ 2 వోల్ట్‌ల దగ్గర ఉన్నప్పటిది.

నీ సర్క్యూట్‌లో ప్లస్ పిన్ మీద 1.25 వోల్ట్‌లు ఉంది, మైనస్ పిన్ కూడా అక్కడే ఉండాలి. ఔట్‌పుట్ సున్నా అయితే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌లో 125 మైక్రోయాంప్‌లు ఔట్‌పుట్ లోకి వస్తాయి. 50 కంటే ఎక్కువ, మింగలేదు. అందుకే 0.6 దగ్గర ఆగింది. నాలుగు రెసిస్టర్లూ 200 కిలోఓమ్ చేస్తే ఆ కరెంట్ 6 మైక్రోయాంప్‌లకి దిగుతుంది, ఔట్‌పుట్ గ్రౌండ్ దగ్గరికి వస్తుంది. లేదా ఔట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 1 కిలోఓమ్ వేస్తే 125లో ఎక్కువ భాగం అది తీసుకుంటుంది, 0.1 వోల్ట్ దరిదాపులకు వస్తావు. రెండూ కలిపి చేస్తే ఇంకా మంచిది.

నీ చేతిలో ఉన్న ఐసీ హద్దులు నువ్వే కొలుచుకోవచ్చు. మైనస్ పిన్‌ని 1 వోల్ట్ దగ్గర, ప్లస్ పిన్‌ని గ్రౌండ్‌కి కట్టు, ఫీడ్‌బ్యాక్ వద్దు. ఔట్‌పుట్ నుంచి 5 వోల్ట్‌లకి ముందు 1 మెగాఓమ్, తర్వాత 100 కిలోఓమ్, తర్వాత 10 కిలోఓమ్ వేస్తూ ఔట్‌పుట్ రాసుకో. 1 మెగాఓమ్‌తో కొన్ని మిల్లీవోల్ట్‌లే ఉంటుంది. 100 కిలోఓమ్ దగ్గర ఐసీని బట్టి నిలబడనూవచ్చు, ఎగబాకనూవచ్చు. 10 కిలోఓమ్‌తో 0.6 వోల్ట్‌ల మెట్టు ఎక్కేస్తుంది. పై అంచుకైతే పిన్‌లు తారుమారు చేసి, లోడ్‌ని గ్రౌండ్‌కి 10, 2, 1 కిలోఓమ్‌లుగా మార్చి చూడు. ఈ రెండు పట్టికలు గోడకి అంటించుకో.

సోల్డర్ పొగ:
కొలిచేటప్పుడు ఔట్‌పుట్‌ని నేరుగా ప్లస్ సరఫరాకి తగిలించకండి. ఎల్ఎం358 గ్రౌండ్‌కి షార్ట్ అయితే 40 మిల్లీయాంప్‌ల దగ్గర తనను తాను కాచుకుంటుంది. సరఫరా వైపు షార్ట్‌కి ఆ భరోసా లేదు, కాలిపోతుంది. గ్రౌండ్ షార్ట్ కూడా 15 వోల్ట్‌ల సరఫరా మీద 0.6 వాట్. 8 కాళ్ల డిప్ ప్యాకేజీ అరవై, డెబ్బై డిగ్రీలు వేడెక్కుతుంది.

పొదుగుపెట్టె:
గెయిన్ 5 పెట్టాను, 42 దాకా థర్మామీటర్‌తో కలిసి నడుస్తోంది. 39 డిగ్రీల థర్మోస్టాట్ తెప్పిస్తున్నాను. రైల్ టు రైల్ ఐసీ (ఔట్‌పుట్ దాదాపు రెండు సరఫరా అంచుల దాకా పోయేది), ఎంసీపీ6002 లాంటిది పెడితే గెయిన్ 10 ఉంచినా సరిపోయేదా?

కొలత ముఖ్యం:
సరిపోయేది. పిన్‌లు ఎల్ఎం358వే. 5 వోల్ట్‌ల మీద 10 కిలోఓమ్ లోడ్‌తో రెండు అంచులకీ 25 మిల్లీవోల్ట్‌ల దగ్గరికి వెళ్తుంది. కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. దాని సరఫరా 6 వోల్ట్‌లు దాటకూడదు, 12 వోల్ట్‌ల బోర్డులో ఎల్ఎం358 తీసి అది పెడితే వెంటనే పోతుంది. ఆ 25 మిల్లీవోల్ట్‌లు చిన్న లోడ్‌కే. డేటాషీట్ కొలత లోడ్‌ని సరఫరా సగానికి కట్టి తీసింది, అంటే పావు మిల్లీయాంప్. దాన్ని బట్టి గరిష్ఠంగా 100 ఓమ్‌ల రెసిస్టెన్స్ అనుకోండి. 5 మిల్లీయాంప్‌లు లాగితే అర వోల్ట్ దాకా పోవచ్చు.

మూడోది చాలామంది చూడరు. అదే డేటాషీట్‌లో ఓపెన్ లూప్ గెయిన్ ఇచ్చిన వరసలో షరతు చదవండి: ఔట్‌పుట్ రెండు అంచులకీ కనీసం 0.3 వోల్ట్‌ల దూరంలో ఉన్నప్పుడు. ఆ హద్దు దాటి అంచుకి పోతున్నకొద్దీ గెయిన్ పడిపోతుంది, లెక్క తప్పడం మొదలవుతుంది. 25 మిల్లీవోల్ట్‌లు అనేది ఔట్‌పుట్ చేరగల చోటు. 0.3 అనేది నమ్మగల చోటు. 3.3 వోల్ట్‌ల మీద 12 బిట్ ఏడీసీ (వోల్టేజిని అంకెగా మార్చేది) వాడేవాళ్లకి మెట్టు 0.8 మిల్లీవోల్ట్‌లు, కాబట్టి 25 మిల్లీవోల్ట్‌లు అంటేనే 31 మెట్లు కింద పోయినట్టు. నిజంగా సున్నా కావాలంటే ఐసీ నెగటివ్ కాలికి గ్రౌండ్ కంటే కొంచెం కింద సరఫరా ఇవ్వాలి. ఎల్ఎం7705 అనే చిప్ దీనికోసమే −0.23 వోల్ట్‌లు తయారుచేస్తుంది.

ఎల్ఎం358నే 12 వోల్ట్‌ల మీద పెట్టాలనుకునేవాళ్లకి ఒక మాట. ఔట్‌పుట్ అప్పుడు 10.5 దాకా వెళ్లగలదు, సెన్సర్ తీగ ఊడితే నిజంగానే వెళ్తుంది. ఏడీసీ పిన్‌కి ముందు 10 కిలోఓమ్ సిరీస్‌లో, పిన్ దగ్గర గ్రౌండ్‌కి 100 నానోఫారడ్ తప్పనిసరి. పిన్ లోపలి డయోడ్ మీదికి అర మిల్లీయాంపే వెళ్తుంది.

ధ్వని గది:
ఆడియో వైపు నుంచి ఒక ప్రశ్న. 5 వోల్ట్‌ల ఎల్ఎం358తో మైక్ ప్రీ ఆంప్. బయాస్ 2.5 పెట్టాను. పై సగం చదునుగా తెగిపోతోంది, కింది సగం బాగుంది. చిన్న శబ్దంలో కూడా మధ్యలో గరగర ఉంది.

అనలాగ్ గోదావరి:
రెండూ వేర్వేరు రోగాలు. మీకు దొరికే ఔట్‌పుట్ 0 నుంచి 3.5 దాకా. దాని మధ్య 1.75, కానీ మీరు 2.5 దగ్గర కూర్చున్నారు, పైకి 1 వోల్ట్ మాత్రమే మిగిలింది. బయాస్ డివైడర్‌ని పైన 18 కిలోఓమ్, కింద 10 కిలోఓమ్ చేసి 10 మైక్రోఫారడ్ వేయండి, 1.79 వస్తుంది. సరఫరాలో సగం అనే అలవాటు రెండు వైపులా సమానంగా ఆగే ఐసీలకే వర్తిస్తుంది.

గరగర క్రాసోవర్ డిస్టార్షన్. పైకి నెట్టే ట్రాన్సిస్టర్ నుంచి కిందికి లాగే ట్రాన్సిస్టర్‌కి పని మారేటప్పుడు మధ్యలో ఒక క్షణం ఎవరూ ఉండరు. ఔట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 2.2 కిలోఓమ్ వేస్తే 10 కిలోఓమ్ లోడ్‌కి పై ట్రాన్సిస్టరే మొత్తం పని చేస్తుంది, గరగర పోతుంది.

స్కోప్ ఉంటే ఇంకొకటి గమనించండి. తల చదునుగా ఉంటే శాచురేషన్. సైన్ వేవ్ త్రిభుజంలా మారితే అది స్లూ రేట్ (ఔట్‌పుట్ మారగల గరిష్ఠ వేగం), దానికి బయాస్ మార్చినా ఉపయోగం లేదు. 741కి 0.5 వోల్ట్/మైక్రోసెకను, 10 వోల్ట్‌ల పీక్ సైన్ వేవ్‌ని 8 కిలోహెర్ట్జ్ దాకానే ఇవ్వగలదు.

బ్రెడ్‌బోర్డ్ 830:
ఒకే డయోడ్‌తో ప్రెసిషన్ రెక్టిఫయర్ (సిగ్నల్‌లో పాజిటివ్ సగాన్నే దాటనిచ్చే సర్క్యూట్) 5 కిలోహెర్ట్జ్ దగ్గర సరిగ్గా రాకపోవడం కూడా దీనివల్లేనా?

సోల్డర్ పొగ:
అవును. నెగటివ్ సగంలో డయోడ్ ఆగిపోతే లూప్ తెగుతుంది, 741 ఔట్‌పుట్ −13కి పోయి కూర్చుంటుంది. అక్కడి నుంచి +0.6కి రావడానికి స్లూ రేట్ ప్రకారమే 27 మైక్రోసెకన్లు. 50 హెర్ట్జ్‌లో అర సైకిల్ 10 మిల్లీసెకన్లు, కనపడదు. 5 కిలోహెర్ట్జ్‌లో అర సైకిల్ 100 మైక్రోసెకన్లు, పావు వంతు పైన మింగేస్తుంది. రెండు డయోడ్ల ఇన్వర్టింగ్ రకం కట్టు. రెండో డయోడ్ లూప్‌ని తెగనివ్వదు, ఔట్‌పుట్ −0.6, +0.6 మధ్యే కదులుతుంది.

పొదుగుపెట్టె:
చివరిగా ఒకటి. ఆన్-ఆఫ్ బదులు పీఐ కంట్రోల్ (ఇప్పటి తేడానీ, ఇప్పటిదాకా కూడిన తేడానీ బట్టి హీటర్‌ని నడిపే పద్ధతి) చేద్దామనుకుంటున్నాను. హీటర్ వేసిన మొదట్లో ఉష్ణోగ్రత 37.5 దాటి చాలాసేపు పైనే ఉంటుందని అంటున్నారు. దానికీ శాచురేషన్‌కీ సంబంధం ఉందా?

అనలాగ్ గోదావరి:
నేరుగా ఉందండి. పెట్టె వేడెక్కే అరగంటసేపు తేడా ఒకే వైపు ఉంటుంది, ఇంటిగ్రేటర్ దాన్ని కూడబెడుతూ పోయి అంచుకి తగులుతుంది. ఉష్ణోగ్రత సెట్ పాయింట్ దాటాక కూడా కూడబెట్టింది కరిగేదాకా హీటర్ వెలుగుతూనే ఉంటుంది.

ప్రోగ్రాంలో అయితే తేలిక. హీటర్ ఇప్పటికే 100 శాతం మీద ఉండి తేడా ఇంకా అదే వైపు ఉంటే ఆ చక్రంలో ఇంటిగ్రల్‌కి ఏమీ కలపకండి. విడిగా ఇంటిగ్రల్ విలువని కూడా 0 నుంచి 100 మధ్యే ఉంచండి.

ఆప్ ఆంప్‌తో కడితే కథ ఇంకా లోతు. ±12 వోల్ట్‌ల మీద టీఎల్072, 1 మెగాఓమ్, 10 మైక్రోఫారడ్ అనుకోండి. 1 వోల్ట్ తేడాకి ఔట్‌పుట్ సెకనుకి 0.1 వోల్ట్ కదులుతుంది. అంచుకి తగిలాక ఔట్‌పుట్ ఆగుతుంది కానీ కెపాసిటర్ ఆగదు. మైనస్ పిన్ సున్నాని వదిలి 1 వోల్ట్ దాకా పాకుతుంది. తర్వాత తేడా −1కి తిరిగినా ఆ పిన్ మళ్లీ సున్నాకి వచ్చేదాకా ఔట్‌పుట్ కదలదు. ఆ మౌనం 10 సెకన్ల టైం కాన్‌స్టంట్‌కి 7 సెకన్లు. ఆ తర్వాత అంచు నుంచి సున్నాకి దిగడానికి ఇంకో 100 సెకన్లు.

కెపాసిటర్‌కి సమాంతరంగా రెండు 8.2 వోల్ట్‌ల జీనర్లు ఎదురెదురుగా పెడితే ఔట్‌పుట్ 8.9 దగ్గర ఆగుతుంది, ఐసీ అంచుకి పోదు, మైనస్ పిన్ సున్నా దగ్గరే ఉంటుంది, మౌనం ఉండదు. 5.1 లాంటి తక్కువ వోల్టేజి జీనర్లు వద్దు, అవి తమ వోల్టేజి రాకముందే మైక్రోయాంప్‌లు కారుస్తాయి. 1 మెగాఓమ్ సర్క్యూట్‌లో 1 మైక్రోయాంప్ కారడం అంటే 1 వోల్ట్ తప్పు తేడా కలిపినట్టే. కెపాసిటర్ ఫిల్మ్ రకం వాడండి. మామూలు ఎలక్ట్రోలిటిక్ రెండు వైపుల వోల్టేజి తట్టుకోదు, లీకేజి కూడా ఎక్కువ. 10 మైక్రోఫారడ్ ఫిల్మ్ పెద్దదనిపిస్తే 1 మైక్రోఫారడ్, 10 మెగాఓమ్ పెట్టండి, టీఎల్072 బయాస్ కరెంట్ పికోయాంప్‌లలోనే కాబట్టి దానికి ఇబ్బంది లేదు. అప్పుడు మాత్రం జీనర్ లీకేజి పది రెట్లు కీలకం అవుతుంది, బోర్డు మీద ఫ్లక్స్ మరకలు ఐసోప్రొపైల్‌తో శుభ్రంగా కడగాలి.